సర్వీస్ నెట్‌కి తగిలింది, సీజన్ అయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. మాది ప్రకాశం జిల్లాలో సముద్రం పక్కన ఊరు. ఎనిమిదో తరగతి నుంచి వాలీబాల్ ఆడుతున్నాను, మూడేళ్లుగా యూనివర్సిటీ టీమ్‌లో సెట్టర్‌ని, అంటే కొట్టేవాళ్లకి బంతి లేపి ఇచ్చేదాన్ని. ఈసారి సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాం. 25-22, 19-25, 25-23, 20-25. అయిదో సెట్లో 13-14 దగ్గర సర్వీస్ నాకొచ్చింది. వాళ్ల పొడుగమ్మాయి ఫ్రంట్‌లో ఉంది, గట్టిగా చెయ్యమని మా సార్ సైగ చేశారు. చేశాను. నెట్‌కి తగిలింది. 13-15తో ఓడిపోయాం. గెలిస్తే ఆలిండియా పోటీలకి వెళ్లేవాళ్లం. ఇంటికొచ్చి నెల దాటింది. గ్రౌండ్ వైపు వెళ్లడం లేదు. జెర్సీ ఇంకా కాలేజీకి తిరిగివ్వలేదు, బ్యాగులోనే ఉంది. ఫస్టియర్‌లో ఉన్న ఇంకో సెట్టర్ రోజూ ఫోన్ చేస్తుంది, ఎత్తడం లేదు. డిసెంబర్ నుంచి మోకాలి చిప్ప కింద నొప్పిగా కూడా ఉంది. ఆడింది చాలు, ఎండలో నల్లబడ్డావు, సంబంధాలు చూస్తాం అంటోంది అమ్మ. బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటాడు అన్నయ్య. నాన్న ఏమీ అనరు. నేను ఆట మానేయాలా? ఆ సర్వీస్‌ని ఎలా మర్చిపోవాలి?

సమాధానం:

నాలుగు సెట్ల స్కోర్లూ తడుముకోకుండా రాశావు. నెల దాటినా ఒక్క అంకె మర్చిపోలేదు. కానీ ఉత్తరం మొత్తంలో నువ్వు లేపిన బంతి ఒక్కటి కూడా లేదు. 25-22తో గెలిచిన మొదటి సెట్లో ఎవరికి లేపావు, వాళ్ల బ్లాకర్లని ఎటు తిప్పావు, ఏదీ రాయలేదు. సెట్టర్లందరికీ ఈ జబ్బు ఉంటుంది. పాయింట్ వస్తే కొట్టినమ్మాయిది, పోతే లేపినమ్మాయిది. మూడేళ్లు అలా అలవాటైపోయి, ఇప్పుడు సర్వీస్ దగ్గర కూడా అదే లెక్క వేసుకుంటున్నావు.

నువ్వు రాసిన స్కోర్లు కూడి చూశాను. మీకు 102, వాళ్లకి 110. అంటే ఆ రోజు 212 పాయింట్లు ఆడారు. అందులో నీ సర్వీస్ ఒకటి అని చెబితే నీకు ఓదార్పు దొరకదని తెలుసు. నాకూ దొరకలేదు. నేను యూనివర్సిటీకి ఆడింది 1990ల మొదట్లో. అప్పుడు సెట్‌కి 15 పాయింట్లు, సర్వీస్ చేస్తున్న టీమ్‌కే పాయింట్. సర్వీస్ నెట్‌కి కొడితే సర్వీస్ చేతులు మారేదే తప్ప పాయింట్ పోయేది కాదు. అయిదో సెట్లో మాత్రం అప్పటికే ర్యాలీ పద్ధతి వచ్చేసింది, తప్పు చేస్తే పాయింటే. నాలుగు సెట్లు నిర్భయంగా సర్వీస్ చేసిన చెయ్యి అయిదో సెట్లో బరువెక్కిపోయేది. కాబట్టి 13-14 దగ్గర గీత వెనక నిలబడి బంతిని నేలకేసి కొట్టుకుంటూ నువ్వేం అనుకుని ఉంటావో కొంత ఊహించగలను.

ఇంతకీ ఆ సర్వీస్ తప్పా? నన్నడిగితే కాదు. వాళ్ల పొడుగమ్మాయి ఫ్రంట్‌లో ఉందని నువ్వే రాశావు. మెల్లగా అవతల పడేస్తే పాస్ నేరుగా వాళ్ల సెట్టర్ చేతుల్లోకి వెళ్తుంది. అక్కడి నుంచి ఆ అమ్మాయికి. ఆడవాళ్ల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. ఆరడుగుల అమ్మాయికి మంచి పాస్ మీద లేపిన బంతి దొరికితే మీ బ్లాక్ ఏం చేస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు. వాళ్లు మ్యాచ్ పాయింట్ మీద ఉన్నప్పుడు పాస్ చెడగొట్టాలంటే గట్టిగానే చెయ్యాలి. మీ సార్ సరిగ్గా చెప్పారు, నువ్వు చెప్పినట్టు చేశావు. నిర్ణయం సరైనదే, బంతి మాత్రం నాలుగు వేళ్లు కిందుగా వెళ్లింది. ఈ రెండూ వేరని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నీకు అంత పట్టకూడదు.

మర్చిపోవడం గురించి అడిగావు. మర్చిపోలేవమ్మా. వయసైపోయిన ఆటగాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే గెలిచిన మ్యాచ్‌ల గురించి రెండు నిమిషాలు, ఓడినవాటి గురించి రెండు గంటలు మాట్లాడుకుంటారు. కాకపోతే కొన్నాళ్లకి అందులో నవ్వు కూడా కలుస్తుంది.

అసలు ప్రశ్నకి వద్దాం. ఆట మానేయాలా అని ఇప్పుడు అడగొద్దు. ఈ నెలలో వచ్చే జవాబు ఆ సర్వీస్ చెప్పే జవాబు అవుతుంది, నీది కాదు. పరీక్షలయ్యాక ఆలోచించు. కానీ కొన్ని పనులు అప్పటిదాకా ఆగవు. నువ్వేమో ఆగాల్సిన దాని గురించి రాత్రీ పగలూ ఆలోచిస్తూ, ఆగకూడని పనులు వదిలేశావు.

అందులో మొదటిది కాగితం. నీ ఉత్తరంలో ఎక్కడా సర్టిఫికెట్ మాటే లేదు, అందుకే నాకు కంగారు. టోర్నమెంట్ దగ్గర ఇచ్చే రంగుల సర్టిఫికెట్ ఫొటో కట్టించుకోవడానికి బాగుంటుంది. ఉద్యోగానికి కావలసింది వేరు. కేంద్ర ప్రభుత్వ క్రీడాకోటాలో ఒక్కో స్థాయికి ఒక్కో ఫారం ఉంటుంది. దేశానికి ఆడినవాళ్లకి ఫారం-1, రాష్ట్రానికి ఆడినవాళ్లకి ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడినవాళ్లకి ఫారం-3, స్కూల్ నేషనల్స్ వాళ్లకి ఫారం-4. నీకు కావలసింది ఫారం-3. దాని మీద యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే డైరెక్టర్ గానీ డీన్ గానీ సంతకం పెట్టాలి. ఏ టోర్నమెంట్, ఎక్కడ, ఏ తేదీల్లో, టీమ్‌కి వచ్చిన స్థానమేంటి, అన్నీ రాయాలి. కింద ఒక వాక్యం ఉంటుంది, తమ ఆఫీసులో ఉన్న రికార్డుల ఆధారంగా ఇస్తున్నామని. ఆ వాక్యం దగ్గరే నేను దెబ్బతిన్నాను.

డిగ్రీ అయిపోగానే నాకు పెళ్లి చేశారు. మూడేళ్ల తర్వాత ఒక నోటిఫికేషన్ చూసి సర్టిఫికెట్ కోసం నేను ఆడిన యూనివర్సిటీకి వెళ్లాను. మమ్మల్ని ఆడించిన సార్ రిటైరయ్యారు. కొత్తగా వచ్చినాయన మంచివాడే, బీరువా తీసి చూపించారు. మేం ఆడిన ఏళ్ల రిజిస్టర్లు పైకప్పు కారి తడిసి అట్టకట్టుకుపోయాయి. పేజీ విప్పబోతే పెచ్చులుగా ఊడొచ్చింది. రికార్డు లేనిదే సంతకం ఎలా పెడతానమ్మా అన్నారాయన. ఆయన తప్పేమీ లేదు. నా దగ్గర టీమ్ ఫొటో ఉంది, జెర్సీ ఉంది, మోకాలి మీద మచ్చ కూడా ఉంది. అవేవీ పనికిరాలేదు. ఆ తర్వాత నేను బీపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ చేసి పీడీ (ఫిజికల్ డైరెక్టర్) అయ్యేసరికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

కాబట్టి వచ్చే వారమే వెళ్లు. మూడు సీజన్లు ఆడావు కాబట్టి మూడింటికీ విడివిడిగా తీసుకో. పేరు టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందుందా వెనకుందా చూసుకో. ఈ ఒక్క ఇంటిపేరు గొడవతో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మా కాలేజీలోనే ముగ్గురున్నారు. మీ టీమ్‌లో మిగతా ఫైనలియర్ వాళ్లని కూడా వెంటబెట్టుకెళ్లు. ఒక్కత్తివే వెళ్తే రేపు రమ్మంటారు, అయిదుగురు వెళ్లి బల్ల ముందు నిలబడితే అప్పుడే పని చేసిపెడతారు.

ఈ కాగితంతో ఉద్యోగం వచ్చేస్తుందా అంటే, అంత సులువు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకోటాని 2025లో 2 నుంచి 3 శాతానికి పెంచారు. అది మంచి కబురే. కానీ ఎక్కడైనా ముందు వరస దేశానికి ఆడినవాళ్లది, ఆ తర్వాత రాష్ట్రానికి ఆడినవాళ్లది, ఆ తర్వాతే మనం. రైల్వే లాంటి చోట్ల పాల్గొంటే సరిపోదు, టీమ్ ఎన్నో స్థానంలో నిలిచిందో కూడా చూస్తారు. నువ్వు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. కేవలం ఆడి బతికే దారి ఆడపిల్లలకి ఇవాళ్టికీ చాలా ఇరుకు. 2022లో హైదరాబాద్‌లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్ మగవాళ్లది. సీనియర్ నేషనల్స్‌లో ఆడవాళ్ల ఫైనల్ అంటే ఏళ్ల తరబడి కేరళ, రైల్వేస్ పేర్లే వినిపిస్తాయి. ఆ స్థాయికి వెళ్తావో లేదో నిన్ను చూడకుండా నేను చెప్పలేను. మీ సార్‌ని సూటిగా అడుగు. నొచ్చుకుంటావని ఆయనే ముందు చెప్పరు.

అయితే నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు అర్థం కానిది ఒకటుంది. ఇది ఆఖరి సీజన్ అని ఎవరు చెప్పారు నీకు? డిగ్రీ టీమ్‌తో ఆఖరి సీజన్, అంతవరకే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి వయసు పరిమితి 25 ఏళ్లు. నీకు ఇరవయ్యో ఇరవయ్యొకటో ఉంటాయి. ఎమ్మెస్సీలో చేరినా, బీపీఈడీలో చేరినా మళ్లీ యూనివర్సిటీ సెలెక్షన్స్‌కి వెళ్లొచ్చు. నిజానికి చాలా టీమ్‌లలో సెట్టర్ పీజీ అమ్మాయే అయి ఉంటుంది. కొట్టేవాళ్లకి కాళ్లలో బలం చాలు, సెట్టర్‌కి బుర్ర పండాలి. అందుకు కాస్త వయసు కావాలి.

బీపీఈడీ అయితే రెండేళ్ల కోర్సు, పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. రాయడమంటే పెన్ను పట్టుకోవడం కాదులే. పరుగు, షాట్‌పుట్, జంప్, పైన నీ ఆటలో నైపుణ్య పరీక్ష. ఆ తర్వాత స్కూళ్లలో పీడీ పోస్టులకి అర్హత వస్తుంది. కోచ్ అవ్వాలని ఉంటే పాటియాలాలో 1961 నుంచి నడుస్తున్న జాతీయ క్రీడా సంస్థలో ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. ఈ రెండో దాన్ని వేసవిలో సరదాగా చేసి వచ్చి, ఇదే నా పని అని తేల్చుకున్న అమ్మాయిలున్నారు. ఇదంతా మనకెందుకు అని తేల్చుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు.

మోకాలి సంగతి. చిప్ప కింద నొప్పి అన్నావు. ఆట మొదట్లో నొప్పి పుట్టి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, సినిమాహాల్లో కూర్చుని లేచినప్పుడు, మెట్లు దిగేటప్పుడు మళ్లీ గుచ్చుతోందా? అలాగైతే చాలావరకు అది ఎగిరేవాళ్లకి వచ్చే నొప్పే. చిప్పని కింది ఎముకతో కలిపే గట్టి పట్టీ, అంటే టెండన్, ఎగిరి ఎగిరి అలిసిపోతుంది. సెట్టర్లకి రాదనుకుంటారు గానీ, జంప్ సెట్లూ బ్లాకులూ సర్వీసులూ కలిపితే మనమేమీ తక్కువ ఎగరం. వాపు ఉన్నా, మోకాలు పట్టేస్తున్నా, నడుస్తుంటే ఒక్కసారిగా జారిపోతున్నట్టు అనిపిస్తున్నా మాత్రం ఆగకుండా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లు. అది లిగమెంట్ వ్యవహారం కావచ్చు.

టెండన్ దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే. సీజన్ అవగానే మూడు నెలలు మంచం దిగరు, తర్వాత సెలెక్షన్స్ అనగానే ఒక్కరోజులో వంద జంపులు వేస్తారు. టెండన్‌కి రెండూ పడవు. ఎగరడం ఆపు, నడక ఆపొద్దు. గోడకి వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి 45 సెకన్లు ఉండు. కాసేపు ఆగి మళ్లీ. అలా అయిదుసార్లు. నొప్పి మరీ ఎక్కువైతే ఇంకాస్త పైకి జరిగి కూర్చో. కొన్ని వారాలు పోయాక బరువు పట్టుకుని మెల్లగా గుంజీలు, దిగడానికి మూడు లెక్కపెట్టు, లేవడానికి మూడు. ఇది వారాల్లో కాదు, నెలల్లో తగ్గే నొప్పి. ఒంగోల్లోనో గుంటూరులోనో ఒక ఫిజియోథెరపిస్ట్‌కి ఒక్కసారైనా చూపించుకుని మొదలుపెట్టు. సీజన్‌లో నెలసరి తప్పుతూ వచ్చిందా? అది కూడా డాక్టర్‌తో చెప్పు. అలసట వల్లలే అని మేమంతా కొట్టిపారేసేవాళ్లం. ఆడేదానికి సరిపడా తినకపోయినా అలా జరుగుతుంది, దానివల్ల ఎముకలు బలహీనపడతాయి.

ఇక ఇల్లు. అన్నయ్యది పెద్ద సమస్య కాదు. బ్యాంక్ కోచింగ్‌కీ వాలీబాల్‌కీ శత్రుత్వం లేదు. పొద్దున క్లాస్, సాయంత్రం గ్రౌండ్. ఏడెనిమిదేళ్లుగా రోజుకి రెండుమూడు గంటలు గ్రౌండ్‌లో ఉన్న అమ్మాయికి ఒకచోట కూర్చుని చదివే ఓపిక తక్కువేమీ ఉండదు. అమ్మ దగ్గరే అసలు చర్చ. మానేస్తావా ఆడతావా అన్న ప్రశ్న మీద ఆవిడతో వాదనకి దిగితే ఓడిపోతావు, అది కూడా వరుస సెట్లలో. ఏడాది గడువు అడుగు. ఈ ఏడాదిలో పీఈసెట్ రాస్తాను, కోచింగ్‌కీ వెళ్తాను, వచ్చే ఏడాది ఇదే రోజున మళ్లీ మాట్లాడుకుందాం అని చెప్పు. గడువు అడిగేవాళ్లని మన ఇళ్లలో కాస్త గౌరవంగానే చూస్తారు. నల్లబడ్డావు అన్నప్పుడు మాత్రం ఊరుకోకు. పి.వి. సింధు వాళ్లమ్మ విజయ గారు వాలీబాల్ ప్లేయరే అని చెప్పు. నాన్న రమణ గారు కూడా. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన జట్టులో ఆయన ఉన్నారు, ఉద్యోగం రైల్వేలో. ఆట ఆడిన అమ్మాయికి మంచి సంబంధాలు రావని ఎవరన్నారో కనుక్కోమను. ఇది విని మీ అమ్మ మారిపోతుందని చెప్పను గానీ, ఆ పూటకి మాట తిరుగుతుంది.

నాన్న ఏమీ అనరని రాశావు. నీ మ్యాచ్ ఎప్పుడైనా చూశారా ఆయన? చూడకపోతే మీ ఊళ్లో ఏ పండక్కో నెట్ కట్టినప్పుడు తీసుకెళ్లు. మా నాన్న నా ఆట ఒక్కసారే చూశారు, స్కూల్ గ్రౌండ్ గోడ అవతల సైకిల్ మీద కాలు ఆనించి. ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం కోడిగుడ్లు తెచ్చి అమ్మ చేతికిచ్చారు.

సాయంత్రం అయిదు గంటలప్పుడు ఎలా ఉంటోందో నువ్వు రాయలేదు. నేను చెప్తాను. కాళ్లు వాటంతటవే చెప్పుల వైపు వెళ్తాయి. ఆకలి వేళకే వేస్తుంది, కానీ ఆడకుండానే మూడుసార్లు అన్నం పెట్టించుకుంటావు. చిరాకు ఎవరి మీదో తెలియదు. సీజన్ అయిపోయిన ప్రతి ప్లేయర్‌కీ రెండు నెలలు ఇదే వరస. గెలిచి వచ్చినవాళ్లకి కూడా. అన్నం కాస్త తగ్గించు, పప్పూ గుడ్డూ తగ్గించకు. అయిదింటికి ఇంట్లో ఉండకు, సముద్రం పక్కనే ఉందిగా, నడువు. నెలలు గడిచినా నిద్ర పట్టక, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాక, ఏడుపు ఆగకపోతే అది ఆట గురించి కాదు, డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం.

ఇక ఆ ఫస్టియర్ అమ్మాయి ఫోన్. ఎత్తు. ఆ పిల్ల నీ సర్వీస్ గురించి అడగడానికి చెయ్యడం లేదు. వచ్చే సీజన్ నుంచి బంతి లేపాల్సింది తనే, తనకి భయంగా ఉంది. బ్యాక్ సెట్ ఎక్కడి నుంచి తీస్తావో, మీ మిడిల్ అమ్మాయికి ఎంత ఎత్తు కావాలో, అలిగినప్పుడు ఎవరికి ముందు బంతి ఇవ్వాలో, ఇవన్నీ నీ ఒక్కదానికే తెలుసు. ఏ పుస్తకంలోనూ ఉండవు. గ్రౌండ్‌కి వెళ్లి ఆడనక్కర్లేదు, మోకాలు ఎలాగూ ఒప్పుకోదు. గట్టు మీద కూర్చుని చూడు. మొదటిరోజు కష్టంగా ఉంటుంది. రెండో రోజుకి నువ్వే అరుస్తావు, చేతులు పైకెత్తవే అని.

జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేయించి తీసుకెళ్లు. స్టాక్ రిజిస్టర్లో తిరిగిచ్చినట్టు రాయించుకో, లేకపోతే నో డ్యూస్ దగ్గర టీసీ ఆపుతారు. అదే రోజు ఫారం-3 మూడు కాపీలు నింపుకుని యూనివర్సిటీకీ వెళ్లు. సీల్ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకో. మా పీడీల గదుల్లో స్టాంప్ ప్యాడ్ ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది.